హంస వెనక గళ్ళు

గురువారం ఉదయం పెద్దల్లుడి పథకం చాలా చిన్నది. స్టూడియో వాళ్ళు పంపిన లోగోను కంప్యూటర్‌లోకి దించుకోవాలి, దాన్ని బోర్డు రాసే ఆయనకూ సంచులు అచ్చేసే మనిషికీ పంపాలి, భోజనం వేళకి మళ్ళీ ఇస్త్రీ బల్ల దగ్గరికి వచ్చేయాలి. పెళ్ళయిన నాటి నుంచీ ఆ లాండ్రీలో చొక్కాల కాలర్లతో కుస్తీ పడుతున్న మనిషికి ఇదెంత, అరపూట పని. పాపం, అలాగే అనుకున్నాడు.

ఆ దుకాణం మామగారిది. పేరు హంస లాండ్రీ. పేరుకి హంసే గానీ, ఊళ్ళో ఎవరినైనా దారి అడగాలంటే బాతు లాండ్రీ అనే అడగాలి. తప్పంతా బోర్డుది. దుకాణం తెరిచిన కొత్తలో ఆ బోర్డు మీద హంసను వేసింది కుంచె మాస్టారు. ఆయన బొమ్మను తోక దగ్గర మొదలుపెట్టి తీరిగ్గా ముందుకు వచ్చారు. మెడ దగ్గరికి వచ్చేసరికి చెక్క అయిపోయింది. మిగిలిన బెత్తెడు చోట్లోనే మెడను ఇరికించి, తల తగిలించి, నిచ్చెన దిగారు. అది హంసేనని ఆయన ఇప్పటికీ అంటారు. వానలకి రంగు కారి ముక్కు వెడల్పయింది తప్ప తన చేతిలో లోపం లేదంటారు. ఊరు ఆయనతో వాదన పెట్టుకోలేదు. బాతు అని పిలుచుకుంటూ బట్టలు వేస్తోంది.

మామగారికి దేన్నీ బాగుంది అనే అలవాటు లేదు. మల్లెపువ్వులా ఉతికిన పంచె ముందు పెట్టినా, సరే, అక్కడ పెట్టు అంటారు. పెళ్ళిచూపుల్లో అల్లుళ్ళని చూసినప్పుడు కూడా ఆ మాటే అన్నారని అత్తగారు చెబుతూ ఉంటుంది. అలాంటి మనిషి ఆ వారం మొదట్లో కంటి ఆపరేషన్‌కి బయల్దేరుతూ, గుమ్మంలో ఆగి, జేబులోంచి దుకాణం తాళాల గుత్తి తీసి పెద్దల్లుడికి చూపించి, మళ్ళీ జేబులోనే వేసుకున్నారు.

"ఆదివారం పొద్దున కట్టు విప్పుతారట అల్లుడూ. అక్కణ్ణించి నేరుగా దుకాణానికే వస్తాను. కొత్త బోర్డు పెట్టిస్తానన్నావు కదా, నా కళ్ళతో చూసి బాగుందనిపిస్తే ఈ తాళాలు నీవి. అనిపించకపోతే ఇంకో పదేళ్ళు నేనే కూర్చుంటాను."

ఆయన కూర్చోగలరు కూడా. ఆ సంగతి పెద్దల్లుడికి తెలుసు. అతనికి తాళాల మీద ఆశ ఉంది, దాచడం ఎందుకు. అంతకన్నా, ఆ బాగుంది అనే మాట మామగారి నోట ఒక్కసారి వినాలన్న ఆశ ఎక్కువ. అందుకే వెతికి వెతికి ఒక మంచి డిజైన్ స్టూడియోకి వెళ్ళి, హంస బొమ్మ కావాలని అడిగాడు. దానికి మెడ ఉండాలన్నాడు. బయటికి వచ్చేసి, మళ్ళీ లోపలికి వెళ్ళి, మెడ మాట మర్చిపోవద్దన్నాడు.

స్టూడియో అమ్మాయి మర్చిపోలేదు. గురువారం పొద్దున్నే లింకు పంపింది. నొక్కితే జిప్ ఫైల్ ఒకటి దిగింది. జిప్పులు బాగుచేయడం ఆ దుకాణంలో రోజూ ఉండే పనే గానీ, ఈ జిప్పును ఎటు లాగాలో ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి చిన్నల్లుడికి కబురు వెళ్ళింది. చిన్నల్లుడు ఏదో ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. కూర్చుని ఏం చేస్తాడో ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఆ ధైర్యంతోనే అతను కంప్యూటర్ విషయాల్లో ఇంటికి ఆఖరి మాట అయిపోయాడు.

అతను రెండు మూడు చోట్ల టకటకా నొక్కేసరికి జిప్పు విడిపోయింది. లోపల హంసలే హంసలు. నీలం రంగు మీద తెల్ల హంస, తెలుపు మీద నల్ల హంస, అరచేతంతవి, గోరంతవి, ఎంత నొక్కినా తెరుచుకోనివి. ఒకదాంట్లో మాత్రం తెల్ల హంస వెనకాల బూడిదరంగూ తెలుపూ గళ్ళు, స్నానాలగది నేలలా బారులు తీరి ఉన్నాయి. ఈ గళ్ళేమిటని పెద్దల్లుడు అడిగాడు.

"అదే అన్నయ్యా అసలుది," అన్నాడు చిన్నల్లుడు, ఆలోచించడానికి ఏమాత్రం ఆగకుండా. "కంప్యూటర్ బొమ్మకి నాణ్యతంతా గళ్ళలోనే ఉంటుంది. ఎన్ని గళ్ళుంటే అంత క్వాలిటీ. మిగతావన్నీ నకళ్ళు. గళ్ళు లేకుండా ఎవడిచ్చినా తీసుకోకు."

పెద్దల్లుడికి ఇది సబబుగానే తోచింది. చదువుకున్న పిల్ల పనీపాటా లేక అన్ని గళ్ళు గీసి పంపదు కదా. నకళ్ళు కళ్ళ ముందుంటే ఎప్పుడో పొరపాటున వాడేస్తామని, చిన్నల్లుడు మిగతా హంసలన్నిటినీ అక్కడికక్కడే చెరిపేశాడు. ఇక మిగిలిన దాన్ని పంపాలి. పంపడం ఎలాగో అతనికీ తెలియదు. ఆ సంగతి బయటపడకుండా, బొమ్మను తెర నిండా పెద్దది చేసి, దానికి ఎదురుగా ఫోను పట్టుకుని ఫొటో తీశాడు. ఇలా తీస్తేనే గళ్ళు చెక్కుచెదరకుండా వస్తాయని చెప్పాడు. అందులో మాత్రం అతని మాట నిజమే.

సంచులు అచ్చేసే మనిషి ఫొటో చూసుకుని ఫోన్ చేశాడు. గళ్ళు కూడా వేయమంటారా అని అడిగాడు. ఒక్క గడి తగ్గినా సంచులు తీసుకోనన్నాడు పెద్దల్లుడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని అతను మిషను తిప్పాడు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా తెల్లసంచుల కట్టలు దుకాణంలో దిగాయి. గళ్ళు దివ్యంగా పడ్డాయి. హంస ఉన్నచోట గళ్ళు లేవు కాబట్టి, అక్కడ ఏదో ఉందని ఊహించుకోవచ్చు. అత్తగారు ఊహించుకుంటూ కూర్చునే మనిషి కాదు. పాత సంచులు అడుగంటాయని, ఆ రోజు ఇవ్వాల్సిన బట్టలన్నీ ఆ గళ్ళ సంచుల్లోనే సర్ది పంపేసింది. వాటిలో కంటి డాక్టరుగారి తెల్లకోట్లు కూడా ఉన్నాయి.

కుంచె మాస్టారు మాత్రం ఆ ఫొటో చూసి కదిలిపోయారు. ఆయన పనిలో గళ్ళకి ఒక మర్యాద ఉంది. చిన్న బొమ్మను పెద్ద బోర్డు మీదికి ఎక్కించాలంటే, బొమ్మ మీద చిన్న గళ్ళు, బోర్డు మీద సుద్దతో పెద్ద గళ్ళు గీసుకుంటారు. ఈ గడిలో ఉన్నది ఆ గడిలోకి దించుకుంటూ పోతారు. పనయ్యాక సుద్దగళ్ళు తుడిచేస్తారు. ఇన్నేళ్ళలో ఏ గిరాకీ కూడా గళ్ళు గీసి మరీ బొమ్మ తెచ్చివ్వలేదు. ఎవరో పని తెలిసిన మనిషి పంపాడని ఆయన మురిసిపోయారు. ఈసారి మెడ తప్పే ప్రసక్తి లేదని, బాతు మచ్చ కడుక్కునే రోజు వచ్చిందని, కుంచెలన్నీ కడుక్కుని మరీ నిచ్చెన ఎక్కారు.

శనివారం పొద్దెక్కేసరికి పని పూర్తయింది. దుకాణం వెడల్పంతా పరుచుకున్న నీలం బోర్డు మీద, మెడ ఏటవాలుగా సాచి, రెక్క కొంచెం ఎత్తి, తెల్లటి హంస. దాన్ని బాతు అనడానికి ఎవరికీ నోరు రాదు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. మాస్టారు తడిబట్టతో సుద్దగళ్ళు తుడవడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే పెద్దల్లుడు వచ్చాడు.

"అయ్యయ్యో, గళ్ళు తుడిచేస్తున్నారేమిటి మాస్టారూ?"

"తుడవక?"

"అసలు సంగతంతా వాటిలోనే ఉందండీ. వాటికి రంగు వేయాలి. ఒకటి బూడిద, పక్కది తెలుపు. ఫొటోలో చూడండి."

మాస్టారు తడిబట్టను నిచ్చెన మెట్టు మీద వేశారు. "బాబూ, నా జన్మంతా గళ్ళు గీశాను, చెరిపాను. నింపమన్నవాడివి నువ్వొక్కడివే," అన్నారు.

తర్వాత చాలాసేపు వాదన జరిగింది. మాస్టారు తన అనుభవమంతా చెప్పారు. పెద్దల్లుడు చిన్నల్లుడికి ఫోన్ కలిపి ఆయన చెవి దగ్గర పెట్టాడు. పాతకాలం వాళ్ళకి క్వాలిటీ అంటే తెలియదని ఫోన్ చెప్పింది. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడితో మాటలెందుకని మాస్టారు మూతి బిగించుకుని, బూడిదరంగు డబ్బా తెరిచారు. సాయంత్రం లోపు నీలం కనపడకుండా గళ్ళన్నీ నింపి, ఇక ఈ గుమ్మం తొక్కనని చెప్పి, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

ఒకటి విడిచి ఒకటి వేసిన గళ్ళలో తెల్లవి ఏటవాలుగానే వరస కడతాయి. హంస మెడ కూడా ఏటవాలుగానే ఉంది. మెడ కాస్తా తెల్లగళ్ళ మీదుగా వెళ్ళి వాటిలో కలిసిపోయింది. ఒళ్ళు కింద మిగిలింది, తల పైన మిగిలింది. ఎత్తిన రెక్క కొన పొట్టి తలలా కనిపించడంతో కింద ఉన్నది నిక్షేపంగా బాతు అయింది. పైన ముక్కుతో సహా విడిగా మిగిలిన తల దాని పిల్ల అయింది.

ఈలోపే తాపీమేస్త్రీ ఒకతను సంచిలోంచి మరకల నేలపలక తీసి కౌంటర్ మీద పెట్టి, ఇలాంటివి ఎప్పటికి ఇస్తారని అత్తగారిని అడిగాడు. బోర్డు చూసి నేలపలకల కొట్టు అనుకుని వచ్చాడు పాపం. కౌంటర్ మీదికి వచ్చిన వస్తువును వెనక్కి పంపడం అత్తగారి చరిత్రలో లేదు. అర్జెంటా మామూలా అని అడిగి, చీటీ రాసిచ్చి, పలకను లోపలికి పంపింది. సాయంత్రం అతను తిరిగి వచ్చేసరికి అది మరకలన్నీ పోయి, గళ్ళ సంచిలో తళతళలాడుతూ సిద్ధంగా ఉంది. మేస్త్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇప్పుడిది మిగతావాటితో కలవదు కదమ్మా అన్నాడు. అయితే మిగతావి కూడా ఊడదీసి పట్రమ్మంది అత్తగారు.

అంతలో స్టూడియో అమ్మాయి ఫోన్ చేసింది. లోగో ఎలా వచ్చిందో కనుక్కుందామని. పెద్దల్లుడు పొంగిపోయి, అంతా బాగుందనీ, ముఖ్యంగా ఆ గళ్ళు గొప్పగా కుదిరాయనీ చెప్పాడు.

"ఏ గళ్ళండీ?"

"హంస వెనకాల మీరు వేసినవే. బూడిదా తెలుపూ."

"అవి లేవండీ," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా. "బొమ్మ వెనకాల ఏమీ లేదని తెలియడానికి కంప్యూటరే అలా చూపిస్తుంది. ఉన్నట్టు కనిపిస్తాయి, అంతే."

పెద్దల్లుడు ఫోను పట్టుకునే వీధిలోకి వచ్చి తలెత్తి చూశాడు. లేని గళ్ళు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉన్నాయి. లేనివాటిని ఎలా తీసేయాలమ్మా అని దీనంగా అడిగాడు. తీసేయడానికి అవి లేవు కదండీ, అసలు ఫైలే నేరుగా అచ్చుకి పంపండి, గళ్ళు రావు అని ఆ అమ్మాయి ధైర్యం చెప్పి, చెరిపేసిన హంసలన్నీ మళ్ళీ పంపింది.

కనీసం సంచులైనా దక్కించుకుందామని అతను అచ్చు మనిషి కాళ్ళావేళ్ళా పడ్డాడు. అదే బొమ్మ, గళ్ళు లేకుండా, ఇవాళే కావాలన్నాడు. అతను గొణుక్కుంటూనే చేసి పంపాడు. కట్ట విప్పితే తెల్లటి సంచులు, తెల్లగా ఉన్నాయి. తెల్ల సంచి మీద తెల్ల హంస పడింది మరి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడం అంటే ఇదే. ప్రతి సంచి మీదా హంస ఉందని అచ్చు మనిషి ఒట్టు పెట్టుకున్నాడు. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే మెడ కూడా తెలుస్తుందన్నాడు. పెద్దల్లుడి భార్య చాలాసేపు పట్టుకుని చూసి, అవునండీ, నాకు కనిపిస్తోంది అంది. మొగుడి మొహం చూసి అలా అందేమో.

ఇక మిగిలింది బోర్డు. రంగు ఇంకా పచ్చిగా ఉంది, మాస్టారు ఫోన్ ఎత్తడం లేదు. రాత్రికి ఎవరికీ అన్నం సహించలేదు. ఆదివారం తెల్లారగానే, పోనీ బోర్డుకి దుప్పటి కప్పేద్దాం అంది భార్య. మంచి ఆలోచనే. కానీ దుకాణం మొత్తంలో అంత పెద్ద దుప్పటి ఒక్కటే ఉంది, అది గళ్ళ దుప్పటి. పెద్దల్లుడు దాన్ని మడిచి మళ్ళీ అలమరలో పెట్టేశాడు. మామయ్య ముందు గళ్ళ మాట ఎవరూ ఎత్తవద్దని, ముందు ఆయన్ని కూర్చోబెట్టి తానే మెల్లగా చెబుతానని, అందరికీ పేరుపేరునా చెప్పాడు. గళ్ళ సంచులన్నీ బల్ల కింద దాచి, తెల్ల సంచులు కౌంటర్ మీద పేర్చాడు.

మామగారు వచ్చారు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, మెల్లగా కారు దిగి, తలెత్తి బోర్డు చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు.

"అల్లుడూ, నాకు గళ్ళు కనిపిస్తున్నాయి."

రాత్రంతా కూడబలుక్కున్న సంజాయిషీ ఆ క్షణంలో పెద్దల్లుడి నోట్లో ఎండిపోయింది. స్టూడియో అమ్మాయి మాట ఒక్కటే నాలుక మీద మిగిలింది. "గళ్ళు లేవు మామయ్యా," అన్నాడు. "ఉన్నట్టు కనిపిస్తాయి, అంతే."

మామగారి మొహంలో రక్తం దిగిపోయింది. పక్కనున్న అత్తగారి వంక తిరిగి, నీకేం కనిపిస్తోందని అడిగారు. ఆవిడ అల్లుడికి ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. నాకేం కనిపించడం లేదంది. చిన్నల్లుడు ఇంకో అడుగు ముందుకేసి, ఏ గళ్ళు మామయ్యా అని ఎదురడిగాడు. మామగారు గోడ పట్టుకుని లోపలికి వచ్చి, కౌంటర్ మీది తెల్ల సంచి తీసుకుని కంటికి దగ్గరగా పెట్టుకున్నారు. దీని మీద హంస వేయిస్తానన్నావు, ఏదీ అన్నారు. ఉంది మామయ్యా అన్నాడు పెద్దల్లుడు, ఏడుపు గొంతుతో. అది కూడా నిజమే.

లేనివి కనిపిస్తున్నాయి, ఉన్నది కనిపించడం లేదు. ఆ పెద్దమనిషి సంచిని కౌంటర్ మీద పెట్టి, వచ్చిన కారులోనే తిరిగి ఆస్పత్రికి వెళ్ళిపోయారు. అత్తగారు కళ్ళు ఒత్తుకుంటూ కూలబడింది. పెద్దల్లుడికి తాళాల మాట గుర్తే రాలేదు. ఆయన గోడ పట్టుకుని నడిచిన తీరే కళ్ళ ముందు కదులుతుంటే, బల్ల మీద కాలుతున్న ఇస్త్రీపెట్టెను కూడా ఆర్పకుండా వెనకే పరిగెత్తాడు.

ఆస్పత్రిలో డాక్టరు అక్షరాల పట్టీ చదివించాడు. మామగారు చివరి వరస దాకా తడుముకోకుండా చదివేశారు. ఇక్కడ గళ్ళు కనిపిస్తున్నాయా అని డాక్టరు అడిగాడు. లేదన్నారు. కిటికీలోంచి బయటికి చూపించి, అక్కడ? అక్కడా లేవు. మరెక్కడ కనిపిస్తాయంటే, మా దుకాణం దగ్గర మాత్రమే అన్నారు. డాక్టరు కుర్చీ కొంచెం దగ్గరికి లాక్కుని, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా, ఇంట్లో అందరూ ఆదరంగా ఉంటున్నారా అని అడగడం మొదలుపెట్టాడు.

అప్పుడే నర్సు డాక్టరుగారి ఉతికిన కోట్లు పట్టుకుని లోపలికి వచ్చింది. అవి శుక్రవారం నాటి సంచిలోనే ఉన్నాయి. మామగారు లేచి రెండు చేతులతో ఆ సంచి అందుకున్నారు.

"డాక్టరుగారూ, నిజం చెప్పండి. దీని మీద ఏమున్నాయి?"

"గళ్ళు," అన్నాడు డాక్టరు. "ఇవేమిటో మిమ్మల్నే అడుగుదామనుకున్నాను."

పెద్దల్లుడు రొప్పుతూ గుమ్మంలోకి వచ్చేసరికి మామగారు ఆ సంచిని గుండెలకి హత్తుకుని నిలబడి ఉన్నారు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. అతను అక్కడే నిలబడి, జిప్పు దగ్గర నుంచి దుప్పటి దాకా జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. తప్పంతా తనదేనన్నాడు. మామగారు ఒక్క ముక్క కూడా చెవిన పెట్టలేదు. ఒక్కో గడి మీదా వేలు పెట్టి, ఇదుంది, ఇదీ ఉంది అని చూసుకుంటున్నారు.

తిరిగి దుకాణం ముందు కారు దిగి, ఆయన వీధి మధ్యకి వెళ్ళి నిలబడ్డారు. దారిన పోయేవాళ్ళని ఆపి, అవేమిటో చెప్పమన్నారు. అందరూ గళ్ళే అన్నారు. ఒకావిడైతే, కళ్ళు తిరుగుతున్నాయి బాబాయిగారూ అని కూడా అంది. ఆ మాటకి ఆయన మొహం వెలిగిపోయింది. తనివితీరా బోర్డును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, నోరు తెరిచారు.

"బాగుంది."

అత్తగారు కౌంటర్ పట్టుకుంది. చిన్నల్లుడు అటూ ఇటూ చూశాడు. చాలా బాగుంది అని మామగారు మళ్ళీ అన్నారు. జేబులోంచి గుత్తి తీసి పెద్దల్లుడి చేతిలో పెట్టి, ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకున్నారు. ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసిన పెద్దల్లుడు వంగి ఆ చేతులకే నుదురు ఆనించాడు. సరిగ్గా అదే సమయానికి, పంతం పోయి జాలి పుట్టిన కుంచె మాస్టారు, గళ్ళ మీద నీలం రంగు వేసి హంసను బతికిద్దామని నిచ్చెనతో వీధి మలుపు తిరిగి వాళ్ళ దగ్గరికి వచ్చారు.

"గళ్ళ సంగతి సరే," అన్నారు మామగారు, అల్లుడి భుజం తట్టి. "నాకు అన్నిటికన్నా నచ్చిందేమిటంటే, మన పాత బాతును తీసేయలేదు. హంస అంటూ ఏదో పెట్టేస్తావని ఆ ఆస్పత్రి మంచం మీద ఎంత బెంగపెట్టుకున్నానో. పైగా దానికో పిల్లను కూడా వేయించావు."

మాస్టారు విన్నారు. నిచ్చెనను వచ్చిన వైపుకే తిప్పుకుని, మూల మలుపు దాకా నడిచి, కనిపించకుండా పోయారు.

సోమవారం స్టూడియో అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. పాపం, శనివారం నుంచీ ఆ పిల్లకీ మనసు మనసులో లేదు. హంస ఎలా ఉందండీ అని అడిగింది. పెద్దల్లుడు గళ్ళాపెట్టె దగ్గర కూర్చుని, జేబులో తాళాలు ఒకసారి తడిమి చూసుకుని, తలెత్తి బోర్డు వంక చూశాడు.

"ఉందండీ," అన్నాడు. "కనిపించదు, అంతే."